సాక్సు ఏనుగు తొండం సొరకాయలా ఎందుకు ఉబ్బుతుంది?

అమ్మా, మిగతా సమాధానం చదివే ముందు ఒక పని చేయండి. మీరు పాత సాక్సులతో కుట్టిన ఏనుగు బొమ్మకు కళ్లుగా పెట్టిన గుండీలు రెండూ తీసేయండి. పాపకు రెండేళ్లన్నారు. ఆ వయసులో చేతికి అందిన ప్రతిదీ నోట్లోకే వెళుతుంది. మీరు గుండీని ఎంత గట్టిగా కుట్టినా, దాని కింద ఉన్న సాక్సు అల్లిక సాగి సాగి ఒకరోజు గుండీని వదిలేస్తుంది. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో చిన్న భాగాలను పరీక్షించే గొట్టం ఒకటి ఉంది. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. ఏ వస్తువు అందులో పూర్తిగా ఇమిడిపోతుందో అది మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఉండకూడదు. చొక్కా గుండీ సంగతి సరే, కోటు గుండీ కూడా అందులో హాయిగా పడుతుంది. కళ్లు దారంతో కుట్టుకోవచ్చు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు మీరు అడిగిన విషయం. మీవారి పాత బూడిద రంగు సాక్సులతో నాలుగు కాళ్ల మీద నిలబడే ఏనుగును చేతితోనే కుట్టారు, ఇంట్లో మిషను లేదు. తొండం సొరకాయలా ఉబ్బింది, తల ముందుకు వాలిపోతోంది, కుట్ల సందుల్లోంచి దూది తొంగి చూస్తోంది. పొరపాటు చేతిదా, సాక్సుదా అని మీ ప్రశ్న. కుదిరితే అమ్మవచ్చా అని చివర్లో మరో మాట కూడా అడిగారు.

చేతిది కాదు. నేను హైస్కూల్లో క్రాఫ్టు టీచరుగా చాలా ఏళ్లు కుట్టు నేర్పాను. ఏటా వేసవి సెలవుల ముందు పిల్లలు ఎలాస్టిక్ పోయినవీ, జత తప్పిపోయినవీ బడి సాక్సులు తెచ్చి నా బల్ల మీద కుప్పగా పోసేవాళ్లు. ఆ కుప్పతో ఎన్ని వికారాలు తయారుచేశామో లెక్కలేదు. మీ ఏనుగుకు వచ్చిన మూడు జబ్బులూ నాకు బాగా తెలిసినవే. మూడింటికీ మూలం ఒక్కటే. మీరు సాక్సును గుడ్డలా చూశారు, అది గుడ్డ కాదు. గుడ్డ నేసినది, పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకుని కదలనివ్వవు. సాక్సు అల్లినది. ఉచ్చులో ఉచ్చు వేసుకుంటూ పోయిన దారం అది. అందుకే పాదం లావును బట్టి సాగుతుంది. పొడవునా కొంచెమే, అడ్డంగా చాలా ఎక్కువ. పైగా గుడ్డ బల్లపరుపుగా ఉంటుంది. సాక్సుకు మాత్రం పుట్టుకతోనే ఒక ఆకారం ఉంది. ఒక చివర మూసుకుని గుండ్రంగా, మధ్యలో మడమ దగ్గర గిన్నెలా, రెండో చివర తెరుచుకుని గొట్టంలా ఉంటుంది. ఈ ఆకారాన్ని చెరిపేసి మనకు కావలసిన జంతువును కత్తిరించబోతే అది మొరాయిస్తుంది. ఆ ఆకారంలోనే జంతువును వెతుక్కుంటే సగం పని ముందే అయిపోయినట్టు.

అమెరికాలో సాక్సు కోతి అని ఒక బొమ్మ ఉంది. ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ ఊళ్లో నెల్సన్ నిట్టింగ్ కంపెనీ పనివాళ్ల కోసం బూడిద, గోధుమ రంగు దారాలు కలిసిన మందపాటి సాక్సులు తయారుచేసేది. పోటీ కంపెనీల సరుకు నుంచి తమది వేరుగా కనబడాలని 1932లో మడమకు ఎరుపు రంగు పెట్టింది. అవి ఆర్థిక మాంద్యం రోజులు, ఏదీ పారేసే కాలం కాదు. ఆ ఎర్ర మడమను చూసిన ఇల్లాళ్లకు అందులో కోతి నోరు కనిపించింది. మరో సాక్సు మడమ కోతి పిరుదులైంది. 1955లో ఆ కోతి నమూనా పేటెంటు కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత సాక్సుల జతతోపాటే కోతిని కుట్టే పద్ధతిని కూడా ఇచ్చేవాళ్లు. అందులో ఎక్కడా పెద్ద కత్తిరింపులు లేవు. వేళ్ల వైపు తల, పాదం పొట్ట, మడమ కూర్చునే చోటు, పైగొట్టాన్ని మధ్యకు చీలిస్తే రెండు కాళ్లు.

ఇక ఏనుగు మాట. జర్మనీలో మార్గరెటె స్టైఫ్ అనే ఆవిడ ఉండేది. చిన్నప్పుడే పోలియో సోకి చక్రాల కుర్చీలో గడిపిన మనిషి. 1880లో ఒక పత్రికలో వచ్చిన నమూనా చూసి చిన్న ఏనుగులు కుట్టింది. అవి నిజానికి సూదులు గుచ్చుకునే మెత్తలు. పిల్లలు వాటిని లాక్కుని ఆడుకోవడం మొదలుపెట్టారు, తర్వాత అదే పెద్ద బొమ్మల కంపెనీకి నాంది అయింది. ఆ ఏనుగులు నాలుగు కాళ్ల మీద నిలబడేవి. ఎందుకంటే ఆవిడ వాడింది ఫెల్టు, అంటే ఉన్నిని అదిమి అదిమి దట్టం చేసిన అట్టలాంటి గుడ్డ. అది సాగదు. మీరు చూసి కుట్టిన నమూనా కూడా అలాంటి గుడ్డ కోసం గీసినదే అయి ఉంటుంది. దాన్ని సాక్సు మీద పెట్టి కత్తిరిస్తే కాళ్లు వంకర్లు పోతాయి, తొండం సొరకాయ అవుతుంది.

కాబట్టి సాక్సుతో నిలబడే ఏనుగును వదిలేయండి. కూర్చునే ఏనుగును కుట్టండి, కోతి పద్ధతే.

సాక్సుల ఎంపికలో నాది కాస్త పట్టుదల. ఆఫీసు బూట్లలోకి వేసుకునే పల్చటి నైలాను రకం వద్దు. ఒక ఉచ్చు తెగిందంటే నిచ్చెన మెట్లలా కిందిదాకా జారిపోతుంది. నూలు పాలు ఎక్కువగా ఉన్న మందపాటి సాక్సు మంచిది. వెలుతురుకు అడ్డంగా పట్టి లోపల చెయ్యి పెట్టి చూడండి, వేళ్లు స్పష్టంగా కనబడితే రేపు దూది కూడా కనబడుతుంది. బొటనవేలి దగ్గర చిల్లు ఉన్నా ఫరవాలేదు, ఆ సాక్సును చెవులకూ చేతులకూ వాడుకోవచ్చు. మడమ అరిగి జల్లెడలా అయినదాన్ని మాత్రం శరీరానికి వాడకండి. మొత్తం బరువు కూర్చునేది దాని మీదే. ముందు బాగా వేడి నీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. వేడికి ఎలాస్టిక్ పాడవుతుందని భయపడకండి, మనకు ఆ బిగువుతో పని లేదు. ముడుచుకోవలసింది ఏదైనా ఉంటే కుట్టక ముందే ముడుచుకుంటుంది.

ఇప్పుడు మొదటి సాక్సు తీసుకోండి. లోపలి వైపు బయటకు వచ్చేలా తిప్పి బల్ల మీద పరచండి. మామూలుగా సాక్సును పక్కకు మడతపెడతాం కదా, అలా కాదు. మడమ సరిగ్గా మధ్యలో, మీ వైపు చూస్తూ ఉండాలి. పై గొట్టం చివర గట్టి పట్టీని కత్తిరించి దాచుకోండి. బలపంతో గొట్టం అంచు మధ్య నుంచి మడమ వైపు ఒక గీత గీయండి, మడమకు మూడు సెంటీమీటర్ల ముందే ఆపండి. ఏనుగు కాళ్లు పొట్టిగా ఉండాలి, ఎనిమిది సెంటీమీటర్లు చాలు. గొట్టం అంతకంటే పొడుగుంటే ముందే కురచ చేసుకోండి.

ఆ గీత మీద కత్తెర ఇంకా పెట్టవద్దు. మొత్తం సమాధానంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి: ముందు కుట్టు, తర్వాతే కత్తిరింపు. గుడ్డకు చేసినట్టు ముందు కత్తిరిస్తే అల్లిక అంచు చుట్టుకుపోతుంది, ఉచ్చులు జారిపోతాయి, మీరు పట్టుకునేసరికి అంచు సగం మాయమవుతుంది. గీతకు రెండు పక్కలా అర సెంటీమీటరు దూరంలో కుట్టుకుంటూ పోండి, కాళ్ల చివర్లు గుండ్రంగా తిప్పండి. రెండు కాళ్లు కలిసే చోట నాలుగు సెంటీమీటర్లు కుట్టకుండా వదలండి, సాక్సును తిప్పేదీ దూది పెట్టేదీ ఆ సందులోంచే. ఆ తర్వాత రెండు కుట్ల నడుమ గీత మీద కత్తిరించండి.

కుట్టు ఎలాంటిదన్నది మీ మూడో జబ్బుకు, అంటే దూది తొంగి చూడటానికి మందు. మీరు వేసింది సూదిని పైకీ కిందికీ పోనిచ్చే కచ్చా కుట్టు. దూది నింపగానే అల్లిక సాగుతుంది, దారం సాగదు, దాంతో కుట్టు కుట్టుకూ మధ్య నోరు తెరుచుకుంటుంది. దానికి బదులు ప్రతిసారీ సూదిని కొంచెం వెనక్కి గుచ్చి ముందుకు తీయండి. కింది వైపు దారం ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోతుంది, అందుకే అల్లికతో పాటు కాస్త సాగుతుంది. ఒక్కో కుట్టు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. దారం పాలిస్టరుది తీసుకుని రెండు పోగులు చేసుకోండి, నూలు దారం చిన్నపిల్లల లాగుడుకు ఆగదు. మూరెడు చాలు. ఎక్కువ తీసుకుంటే పని త్వరగా అవుతుందనిపిస్తుంది కానీ చిక్కులు విప్పడానికే సాయంత్రం అయిపోతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి రుద్దితే దారం మెలికపడదు.

రెండో సాక్సులోంచి మిగతా అవయవాలు. గొట్టం భాగాన్ని నిలువునా రెండు చేస్తే రెండు చేతులు, అంటే ముందు కాళ్లు. పాదం భాగాన్ని కూడా నిలువునా రెండు చేయండి. ఒక సగం తొండానికి. ఇంకో సగాన్ని విప్పి పరిస్తే రెండు చెవులు వస్తాయి. చెవుల వెనుక వైపుకు సాక్సు వాడకండి, పాత రవికె గుడ్డ వేయండి. నూలు గుడ్డ సాగదు కాబట్టి చెవి విసనకర్రలా నిలబడుతుంది. చిన్న పూల రవికె అయితే మరీ అందం. సాక్సు ముక్కను గుడ్డ మీద పరిచి, లాగకుండా కుట్టి, అప్పుడు రెండింటినీ కలిపి కత్తిరించండి. చెవుల్లో దూది అక్కర్లేదు.

ఇక తొండం. సాక్సు అడ్డంగా సాగుతుందని చెప్పాను కదా. మీరు నమూనాలో ఉన్నంత వెడల్పూ ఉంచి కుట్టారు, దూది పెట్టేసరికి అది ఒకటిన్నర రెట్లయింది. చూపుకు ఎంత లావు కావాలో అందులో మూడింట రెండు వంతులే కుట్టండి. పన్నెండు సెంటీమీటర్ల పొడవు, మొదట్లో నాలుగు, కొసన రెండు సెంటీమీటర్ల వెడల్పు పెట్టుకుంటే మీ సాక్సుకు సరిపోతుంది. అల్లిక గీతలు తొండం పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే లావూ పొడవూ రెండూ అదుపు తప్పుతాయి. కొసన వేలెడు మేర దాదాపు ఖాళీగా వదిలేయండి, పిల్లలు ఆ కొసనే పట్టుకుని ఈడుస్తారు. మిగతాది శనగగింజంత దూది ముక్కలతో, పెన్సిలు మొద్దు వైపుతో, ఒక్కొక్కటిగా తోయండి. పెద్ద ఉండను కుక్కితే అది ఒక చోట ఇరుక్కుంటుంది. అదే మీ సొరకాయ. వంపు కావాలంటే తీగ పెట్టకండి, ఎప్పటికైనా అది పొడుచుకుని బయటకు వస్తుంది. తొండం పైవైపున కొస నుంచి మొదటిదాకా సన్నని కుట్టుతో ఒక దారం పోనిచ్చి మెల్లగా లాగితే తొండం పైకి ముడుచుకుంటుంది. కింది వైపు లాగితే కిందికి. తొండం ఎత్తిన ఏనుగు శుభమంటారు, నేను మాత్రం దించినదే కుట్టేదాన్ని. ఎత్తిన తొండాన్ని పిల్లలు పిడిలా పట్టుకుని తిప్పుతారు, వారానికోసారి మళ్లీ కుట్టాల్సి వచ్చేది.

దూది గురించి. బూరుగు దూది తేలిక, చేతికి హాయి, కానీ ఉతికితే ఉండలు కడుతుంది, పైగా నలిగిన కొద్దీ పొడిలా రాలుతుంది. పత్తి దూది బరువు, ఒకసారి తడిసిందంటే వానాకాలంలో లోపల ఆరదు, వాసన వస్తుంది. చిన్నపిల్లల బొమ్మకు దిండ్లలో నింపే తెల్లని ఫైబరే మేలు. పరుపుల దుకాణంలో కొనవచ్చు, లేదా ఇంట్లో అణిగిపోయిన పాత దిండు విప్పి, ఉతికి, ఆరబెట్టి, వేళ్లతో చీల్చి వాడవచ్చు. ఒక జత పెద్దవాళ్ల సాక్సులకు వంద గ్రాములు దాటదు. గుడ్డ పేలికలు నింపమని కొందరు చెబుతారు, నాకు నచ్చదు. గడ్డలు గడ్డలుగా తగులుతాయి. బియ్యం, ఆవాలు అసలే వద్దు. ఒక ఏడు నేను కోతులు బాగా కూర్చోవాలని అడుగున గుప్పెడు బియ్యం మూటకట్టి పెట్టించాను. వానలు మొదలయ్యాక ఒక పిల్ల బొమ్మ తెచ్చి, “టీచర్, కోతి కదులుతోంది” అంది. విప్పి చూస్తే ముక్కుపురుగులు.

నింపే వరుస కూడా ముఖ్యం. సందు కాళ్ల మధ్య ఉంది కాబట్టి దూరంగా ఉన్న తలతో మొదలుపెట్టాలి. తల, ఆ తర్వాత మెడ భాగం, పొట్ట, మడమ గిన్నె, చివరికి కాళ్లు. తల వాలడానికి కారణం దాదాపు ఎప్పుడూ మెడ దగ్గరే ఉంటుంది. తలలో ఒక ఉండ, పొట్టలో ఒక ఉండ, రెండింటి మధ్య ఖాళీ. మీరు మెడకు దారం చుట్టి బిగించానని కూడా రాశారు, దాంతో ఆ ఖాళీ ఇంకా పెరిగింది. అసలు ఏనుగుకు మెడ ఎక్కడుందమ్మా? కోతికీ కుందేలుకూ కట్టండి, ఏనుగుకు వదిలేయండి. తొండం బరువు ముందుకు లాగుతుంది కాబట్టి తల నుంచి పొట్టదాకా ఒకే పొడుగాటి దూది చుట్టను వెన్నెముకలా పెట్టి, దాని చుట్టూ మిగతాది నింపండి. ఎంత నింపాలి అంటే, రెండు వేళ్లతో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడిపోవాలి. అల్లిక మధ్య తెల్లగా కనబడటం మొదలైతే ఎక్కువైనట్టే, కొంచెం తీసేయండి.

తొండం, చెవులు, చేతులు అన్నీ శరీరం నిండాక, పిన్నులతో నిలబెట్టి, దూరం నుంచి చూసుకుని, అప్పుడు కుట్టండి. రెండు అంచులనూ లోపలికి మడిచి, ఈ అంచులో ఒక చిన్న కుట్టు, ఎదుటి అంచులో ఒక చిన్న కుట్టు, నాలుగైదు అయ్యాక దారం లాగితే రెండూ దగ్గరకు వచ్చి కుట్టు కనబడకుండా పోతుంది. తొండం చుట్టూ రెండుసార్లు తిప్పండి. పిన్నుల విషయంలో నాకు ఒక భయం అలవాటైపోయింది. ఒకసారి నేను పూర్తిచేసి పక్కన పెట్టిన కుందేలును మా తోటి టీచరమ్మ ముద్దుగా నొక్కింది, లోపలి పిన్ను ఆవిడ అరచేతిలో దిగింది. అది పిల్లల చేతికి వెళ్లి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదలలేదు. అప్పటి నుంచి పది పిన్నులు ఒక మూతలో లెక్కపెట్టి పెట్టుకుంటాను, చివర్లో పదీ మూతలో ఉంటేనే దారం తెంపుతాను. రంగు తలకాయలున్న పిన్నులు కొనండి, అల్లికలో మామూలు పిన్ను కనబడదు.

కళ్లు నల్ల దారంతో కుట్టండి. గోరింట చుక్కంత గుండ్రం గీసుకుని, అది నిండేదాకా పక్కపక్కనే నిలువు కుట్లు వేసి, చివర్లో ఒక మూల తెల్ల దారంతో ఒక్క కుట్టు. ఆ తెల్ల చుక్కతోనే చూపు వస్తుంది. కళ్లు తొండం మొదటికి దగ్గరగా, కిందికి, ఒకదానికొకటి దూరంగా పెడితే పిల్ల ఏనుగు. పైకి, దగ్గరగా పెడితే దానికి మీ మీద ఏదో కోపం ఉన్నట్టు కనబడుతుంది.

సూటిగా ఏనుగు మీదికి వెళ్లడం భయమనిపిస్తే ముందు పాప తెల్ల సాక్సు ఒక్కదానితో కుందేలును ప్రయత్నించండి. ఇక్కడ తమాషా ఏమిటంటే అదే చీలిక, పేరు మాత్రం వేరు. గొట్టాన్ని చీలిస్తే వచ్చే రెండు ముక్కలు ఈసారి కాళ్లు కాదు, చెవులు. మడమ గిన్నె ముఖం, వేళ్ల కొస కూర్చునే అడుగు. దీనికి మెడకట్టు కావాలి, దాచుకున్న ఎలాస్టిక్ పట్టీ మఫ్లరుగా పనికొస్తుంది, కానీ దాన్ని కుట్టేయండి, ఊరికే తొడిగి వదలకండి. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

మీ పాపకు రెండేళ్లు కాబట్టి ఇబ్బంది లేదు కానీ, మీ చెల్లెలికి నెలల బాబు ఉన్నాడని రాశారు, వాడికీ ఒకటి కుట్టాలని ఉందన్నారు. కుట్టండి, కానీ ఏడాది నిండేదాకా నిద్రపోయేటప్పుడు పక్కలో పెట్టవద్దని చెప్పండి. మెత్తటి బొమ్మ ముఖం మీద పడితే పసివాళ్లు తప్పించుకోలేరు.

అమ్మకం సంగతి. ఇంట్లో పిల్లలకు, చుట్టాలకు కుట్టి ఇవ్వడం వేరు, వ్యాపారం వేరు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనరు దగ్గర నమోదైన చేతిపనివాళ్లకు, భౌగోళిక గుర్తింపు ఉన్న కొండపల్లి బొమ్మల వంటివాటికి మినహాయింపు ఉంది. కాబట్టి నాలుగు చేతులు కలిపి నిజంగా మొదలుపెట్టాలనుకుంటే ముందు ఆ నమోదు సంగతి కనుక్కోండి. నా మాట అడిగితే, వాడిన సాక్సుల బొమ్మను ఎంత ఉతికినా డబ్బు తీసుకుని ఇంకొకరి పిల్లకు ఇవ్వను. అమ్మేవాటికి కొత్త సాక్సులు కొనండి, బజారులో జతలుగా కట్టి అమ్మేవి చాలు.

మురికైనప్పుడు బకెట్టులో సబ్బు నీళ్లలో నొక్కి నొక్కి ఉతకండి, పిండకండి. పాత తువ్వాలులో చుట్టి ఒత్తితే నీళ్లు చాలావరకు దిగిపోతాయి. చెవులకు క్లిప్పు పెట్టి తీగ మీద వేలాడదీయకండి, మరునాటికి కుందేలు చెవులవుతాయి. నీడలో గాలి తగిలే చోట పరుపు మీద కాకుండా చేట మీద ఆరబెట్టి, మధ్యలో ఒకసారి తిప్పండి.

మొదటి ఏనుగును విప్పి ఆ దూది వాడుకోనా అన్నారు. పాప దాన్ని పట్టుకునే నిద్రపోతోందని మీరే రాశారు కదా, విప్పకండి. గుండీలు తీసిన చోట దారం కళ్లు కుట్టండి, నోరు తెరిచిన కుట్ల మీద ఇందాక చెప్పిన వెనక్కి గుచ్చే కుట్టు ఇంకోసారి వేయండి. తల అలాగే వాలి ఉండనివ్వండి. కొత్త ఏనుగును పక్కన పెట్టి చూడండి, పాప దేన్ని తీసుకుంటుందో నాకు తెలుసు.